రెండో బ్రేకు

కాకినాడలో పంపన కనకరత్నం కారుకు బ్రేకులు రెండు. ఒకటి కంపెనీవాళ్ళు పెట్టింది; నడిపేవాళ్ళ కాలి కింద ఉంటుంది. రెండోది జగన్నాథపురం కమ్మరి చేత ఆవిడ పెట్టించుకున్నది. పక్క సీట్లో కూర్చునే ఆవిడ కాలి కింద ఉంటుంది. డ్రైవింగు స్కూలు నడిపేవాళ్ళకి ఈ రెండోదే అన్నం పెడుతుంది. నేర్చుకోవడానికొచ్చిన పిల్ల ఎదురుగా గేదెను చూసి, స్టీరింగు వదిలేసి రెండు చేతులతో కళ్ళు మూసుకుందంటే, ఇక ఆ పిల్లకీ గేదెకీ కూడా కనకరత్నం కుడికాలే దిక్కు.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి రత్నమ్మ గారంటారు. కారు పేరు మార్తాండ. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది గాని, బండి మాత్రం తాళం తిప్పితే కాసేపు దగ్గి, కాసేపు మూలిగి, చివరికి కదులుతుంది. దాని స్టీరింగు తిప్పడం అలవాటైనవాళ్ళకి లోకంలో ఇంకే బండీ బరువనిపించదు. ఊళ్ళో పురుళ్ళ డాక్టరమ్మ అందులోనే నేర్చుకుంది. అంబులెన్సు తోలే దేవకుమారి అందులోనే నేర్చుకుంది. రత్నమ్మ భర్త పోయి ఆవిడ స్కూలు పెట్టినప్పుడు "ఆడదానికి ఇదేం పోయేకాలం" అన్నవాళ్ళందరి కూతుళ్ళూ కోడళ్ళూ కూడా అందులోనే నేర్చుకున్నారు. ఆ కారంటే రత్నమ్మకి ప్రాణం. ఈ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా దాచలేదు.

ఇలా ఉండగా పాత బండ్లన్నిటినీ తుక్కు కింద నలిపెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. పాతదే అయినా 'వారసత్వ వాహనం' అని ముద్ర పడితే మాత్రం నలపక్కర్లేదు. ఆ ముద్ర వెయ్యడానికి పురాతన వాహన ప్రామాణికతా పరిరక్షణ మండలి అని ఒకటి వెలిసింది. సభ్యులందరూ పదవీ విరమణ చేసిన అధికారులు. ఉద్యోగమంతా ప్రభుత్వ జీపుల వెనక సీట్లో గడిపినవాళ్ళు గనక, వాహనాల గురించి వాళ్ళకి తెలిసిందంతా వెనక నుంచి తెలిసిందే. అధ్యక్షుడు మంత్రిప్రగడ హరనాథరావు గారు. ఆయన తుమ్మినా దానికో నంబరూ తేదీ వేసి ఫైల్లో పెట్టే కార్యదర్శి పేరు ప్రభాకరలింగం.

రత్నమ్మ కారును శుభ్రంగా కడిగి, అద్దానికి మల్లెదండ వేలాడదీసి, మండలి ఆఫీసుకి తోలుకెళ్ళింది.

"బండి బయటే ఉందండి. ఓసారొచ్చి చూసుకోండి" అంది ప్రభాకరలింగంతో.

ఆయన కిటికీ వైపు కూడా తిరగలేదు. "వాహనమును చూచుట మా పరిధిలోనికి రాదమ్మా."

"మరేం చూస్తారండి?"

"జన్మపత్రం. వాహనము కర్మాగారము నుండి వెలువడునపుడు దానికి జతపరచి పంపిన మూలపత్రం. రంగు, సీట్లు, యంత్రము నంబరు, తనిఖీ అధికారి సంతకం. అది ఉన్నచో వాహనం. లేనిచో వాహనమును పోలిన వస్తువు."

"పది చేతులు మారి నా దగ్గరకొచ్చిందండి ఈ బండి. ఆ కాగితం ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుసు? నంబరు బండి మీదే చెక్కుందండి, చూస్కోండి."

"బండి తన గురించి తాను చెప్పుకొనుట సాక్ష్యం కాదమ్మా" అన్నాడు ప్రభాకరలింగం జాలిగా. "రేపు నేను వచ్చి నేనే ప్రభాకరలింగాన్ని అంటే మీరు నమ్ముతారా?"

నమ్మకపోవడానికేముందో రత్నమ్మకి అర్థం కాలేదు. ఎదురుగా ఉన్నాడు కదా మనిషి. కానీ ఆఫీసులో లౌక్యం తెలిసినవాళ్ళు ఆవిణ్ణి వరండాలో ఆపి, గవరయ్య ప్రెస్సుకి వెళ్ళమని చెవిలో ఊదారు.

గవరయ్యది పెళ్ళికార్డుల ప్రెస్సు. గుమ్మంలో అడుగు పెడుతూనే టీ డికాషను వాసన గుప్పుమంది. వెడల్పాటి పళ్ళేల్లో డికాషను పోసి, అందులో కాగితాలు నానేశాడాయన. దండెం మీద మరికొన్ని ఆరుతున్నాయి.

"ఈ మూఢంలో పెళ్ళికార్డులు లేవని దిగులుపడ్డానండి" అన్నాడు గవరయ్య. "మండలోళ్ళ పుణ్యమా అని చేతినిండా పనే. మార్తాండ జన్మపత్రమాండి? అచ్చు దొరికింది, ఇంకో ఆసామిది ఫొటో తీసి పెట్టుకున్నాను. మీ బండి మీద నంబర్లివ్వండి చాలు. డికాషన్లో నానేసి, డాబా మీద ఎండేసి, బియ్యం బస్తాకేసి రుద్దితే యాభై ఏళ్ళు పైబడిపోద్ది. మూల ఎలక కొరికినట్టు కావాలన్నా చేస్తానండి."

"చెయ్యండి. కానీ కింద 'ఇది నకలు' అని అచ్చెయ్యండి" అంది రత్నమ్మ.

గవరయ్య చేతిలో కాగితం పళ్ళెంలో జారిపోయింది. "ఎందుకండీ బాబూ! ఆ ముక్క లేకుండా కొడితే దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడండి."

"దేవుడి సంగతి నాకు తెలీదు గానీ నాకు తెలుస్తది కదండీ. పోలీసు లేకపోయినా ఎర్ర లైటు దగ్గర ఆగాలని పిల్లలకి చెప్తాను నేను. బండి నిజం, నంబరు నిజం, కాగితం మాత్రం కొత్తది. ఆ మాట రాయడానికి సిగ్గెందుకు? పోయిన కాగితానికి నకలు రాసుకోడం తప్పు కాదు. అది నకలు కాదని బొంకడం తప్పు."

"పెళ్ళిచూపుల్లో పిల్లకున్న వంకలన్నీ ముందే చెప్పేసే మేనత్తలా ఉన్నారండి మీరు" అని గొణుక్కుంటూ గవరయ్య అచ్చు కూర్చాడు. అంత పనితనం చూపించి కింద ఆ ముక్క వెయ్యాల్సి వచ్చినందుకు ఆ పూట ఆయనకి భోజనం సయించలేదని తరవాత తెలిసింది.

కాగితం మండలికి చేరింది. మండలి దాన్ని నైతిక ఉపసంఘానికి పంపింది. ఉపసంఘం జీడిపప్పు ఉప్మా తిని విచారణ మొదలుపెట్టింది. ఒక సభ్యుడు కాగితం వాసన చూసి అందులో అల్లం టీ జాడ ఉందన్నాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ గుమస్తాలకి అల్లం టీ ఇచ్చేవారా లేదా అన్నదాని మీద మధ్యాహ్నం దాకా వాదన జరిగింది. ఇదంతా రత్నమ్మ ఎదురుగానే. ఆవిడ బల్ల చివర ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. చివరికి హరనాథరావు గారు గొంతు సవరించుకున్నారు.

"ఇందొక ధర్మసూక్ష్మం ఉన్నది. నకలు అనగా మూలమునకు సర్వవిధముల సమానమైనది. 'ఇది నకలు' అను వాక్యం మూలమునందు లేదు. మూలమునందు లేనిది నకలునందు ఉండరాదు. కావున ఇది నకలు కానేరదు. తిరస్కరించడమైనది."

"అయితే ఆ మాట తీసేసి తెమ్మంటారాండి?"

"అటుల చేసినచో అది కూటసృష్టి. నేరం. జైలు."

రత్నమ్మకి ఒళ్ళు మండింది. "మరి పోయినవారం ఆ గవరయ్య ప్రెస్సులోవే బోలెడు కాగితాలకి ముద్రలేసేరు కదండీ! అవన్నీ ఆ డికాషను పళ్ళెంలోవేనండి. నేను కళ్ళారా చూశాను."

ప్రభాకరలింగం ఫైలు తిరగేసి, ఒక్కో కాగితం అడుగునా వేలు పెట్టి చూసి, ఊపిరి పీల్చుకున్నాడు. "వాటి మీద నకలు అని లేదండి. కావున అవి అసలువే."

ఊళ్ళో దొంగ కాగితం తెచ్చినవాడల్లా వారసత్వ ముద్ర వేయించుకుని కారుకి పూలదండ వేసుకుని ఊరేగాడు. నిజం రాసినందుకు రత్నమ్మ కారును మాత్రం నెలాఖరులోగా తుక్కు యార్డుకి అప్పగించమని నోటీసు వచ్చింది. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. నకలు అన్న ఆ ముక్క వేయించకపోతే పోయేది కదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అలా అనిపించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

సరిగ్గా అప్పుడే మండలికి ఒక ఉత్సాహం పుట్టింది. అసలు కాగితాలు జనం దగ్గర ఉండడమే ప్రమాదం, అన్నీ మండలి అధీనంలోనే ఉండాలని తీర్మానించారు. మూతపడ్డ మార్తాండ ఫ్యాక్టరీ రికార్డులు తుక్కు వ్యాపారి చేతుల్లోంచి బీచి రోడ్డులో పల్లీలమ్మే అతని దగ్గరకి చేరాయని వాకబు చేసి, పొట్లాలు కట్టగా మిగిలిన బస్తాలు కొనుక్కొచ్చారు. ఆ బస్తాల్లో రత్నమ్మ కారు జన్మపత్రం దొరికింది. ఒక మూల నూనె మరక తప్ప చెక్కు చెదరలేదు.

కబురు విని రత్నమ్మ పరుగున వెళ్ళింది. ప్రభాకరలింగం చేతులకి తెల్ల గుడ్డ తొడుగులు వేసుకుని, కాగితాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, చదివాడు.

"రంగు, మీగడ రంగు. సీట్లు, నాలుగు. బ్రేకు పెడలు, ఒకటి. తనిఖీ ఫలితము: బ్రేకు నొక్కిన తక్షణమే వాహనము ఆగును. సంతకం." ఆయన కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. "చూచితిరా అమ్మా! 'ఆగును.' ఎంతటి నిశ్చయం!"

రత్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "అమ్మయ్య. ఇంక నా బండికి ముద్ర వేసేస్తారు కదండీ?"

"ముద్ర వేయుట జరిగింది. పత్రమునకు. ఇక వాహనము మాటంటారా, కాగితం ఎవరిదో బండి వారిది. ఇది లోకవిదితమే గదా. కాగితం మండలిది. కనుక వాహనం మండలిదే. మీరు దానిని ఇన్నాళ్ళు భద్రపరచినందుకు మండలి హర్షం వెలిబుచ్చుతున్నది."

"నా బండి నేను ఇవ్వనంటేనండి?"

"ఇవ్వనిచో అది పత్రం లేని వాహనం. నెలాఖరున నలిపివేతకు పోవును."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికొచ్చి కారులో ఒక్కతే కూర్చుంది రత్నమ్మ. ఎడం పక్క సీట్లో, తన చోట్లో. నలిపేస్తే ఆనవాలు కూడా మిగలదు. ఇచ్చేస్తే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర బతికుంటుంది. పిల్లలకి క్లాసులు లేవని కబురు పెట్టి, మర్నాడు తనే తోలుకెళ్ళి తాళాలు ఇచ్చేసింది.

మండలివాళ్ళు కారును కాగితానికి సరిపడేలా మార్చడం మొదలుపెట్టారు. నీలం రంగు గీకి మీగడ రంగు వేశారు. రత్నమ్మ కుట్టించిన సీటు కవర్లు పీకేశారు. తరవాత మెకానిక్కును రెండో బ్రేకు దగ్గరకి తీసుకొచ్చారు.

"దాని జోలికెళ్ళకండి బాబూ" అని అడ్డం పడింది రత్నమ్మ. అప్పటికీ రోజూ వచ్చి చూసి పోతూనే ఉంది.

"పత్రమునందు పెడలు ఒకటి" అన్నాడు ప్రభాకరలింగం. "రెండవది ప్రక్షిప్తం, అనగా పిమ్మట చొప్పించినది."

"కాగితంలో లేకపోతే మానె, బండిలో ఉంది కదండీ! అది ఎంతమంది ప్రాణాలు కాపాడిందో తెలుసా మీకు?"

"ఆ విషయం కూడా పత్రమునందు లేదు."

పెడలు ఊడదీసి ఒక మూల పడేశారు. రత్నమ్మ దాన్ని ఏరుకుని, చీర చెంగున చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆ తరవాత మండలి ఆవరణలో పత్ర మందిరం కట్టారు. మధ్యలో గాజు పెట్టె, పెట్టెకో ఏసీ, ఏసీకో జనరేటరు, లోపల మఖమల్ గుడ్డ మీద రత్నమ్మ కారు జన్మపత్రం. కారును మాత్రం ఎండలో నిలబెట్టారు. ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, సన్నాయి పెట్టారు. గేటు దగ్గర్నుంచి మందిరం మెట్ల దాకా అధ్యక్షుల వారే స్వయంగా వాహనాన్ని నడుపుకుంటూ వచ్చి, మెట్ల ముందు ఆపి, దిగి, రిబ్బను కత్తిరిస్తారని ఆహ్వానపత్రికలో అచ్చేశారు.

"అయ్యగారికి డ్రైవింగొచ్చాండి?" అని అడిగింది రత్నమ్మ. కారు స్టార్టు చెయ్యడం ఇంకెవరి వల్లా కాక ఆవిణ్ణే పిలిపించారు.

"నలభై ఏళ్ళుగా లైసెన్సున్నది" అన్నాడు ప్రభాకరలింగం.

"లైసెన్సు కాదండి నేనడిగింది."

"లైసెన్సు ఉన్నదంటే వచ్చుననియే గదా అర్థం!"

హరనాథరావు గారు ఆ నలభై ఏళ్ళలో స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ లైసెన్సు కూడా ఆయన ఆఫీసరయిన కొత్తల్లో ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళినదే. మాటిమాటికీ ఇంజను ఆగిపోతుంటే దారిలో మళ్ళీ స్టార్టు చెయ్యాల్సి వస్తుందని రత్నమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టారు. సన్నాయి మొదలైంది. కారు దగ్గింది, మూలిగింది, ఒక్క ఊపు ఊగి కదిలింది. జనం చప్పట్లు కొట్టారు. హరనాథరావు గారు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి జనానికి ఊపారు.

మెట్లు దగ్గరకొచ్చాయి.

"ఆపండి" అంది రత్నమ్మ. "బ్రేకు. అయ్యగారూ, బ్రేకు! అది కాదండీ, పక్కది!"

కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ చేసే పనే అధ్యక్షుల వారూ చేశారు. బ్రేకనుకుని యాక్సిలరేటరు మీద నిలుచున్నంత పని చేశారు. రత్నమ్మ కుడికాలు ఎవరూ చెప్పకుండానే దాని చోటికి అది వెళ్ళింది. ఎన్నేళ్ళ అలవాటో. బలమంతా పెట్టి తొక్కింది.

కాలి కింద వట్టి రేకు తగిలింది. అక్కడ ఏమీ లేదు.

కారు షామియానా గుంజను పడగొట్టి, సన్నాయివాళ్ళు చెల్లాచెదురుగా పరిగెత్తగా, పత్ర మందిరం గోడకి గుద్దుకుని ఆగింది. ముందు భాగం అప్పడంలా నలిగింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు. హరనాథరావు గారి ముక్కు వాచింది. రత్నమ్మ మోకాలు చీరుకుపోయింది. ఆవిడ దిగి కుంటుకుంటూ కారు ముందుకెళ్ళి, నలిగిన బానెట్టు మీద చెయ్యి వేసి, అందరి ఎదుటా భోరున ఏడ్చింది.

ప్రభాకరలింగం ఆవిణ్ణి దాటుకుని మందిరంలోకి పరిగెత్తాడు. గాజు పెట్టె చూసి, బయటికొచ్చి, మైకు అందుకున్నాడు. "సభికులు ఆందోళన చెందవలదు! వారసత్వ సంపదకు ఎట్టి హాని జరగలేదు. పత్రము క్షేమం!" జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

విచారణ జరిగింది. ఉపసంఘం ఈసారి పెసరట్లు తెప్పించుకుంది. వాచిన ముక్కుతోనే హరనాథరావు గారు తీర్పు చదివారు. అధ్యక్షులకు లైసెన్సు ఉన్నది; కనుక వారికి డ్రైవింగు వచ్చును; కనుక వారు బ్రేకే నొక్కి ఉందురు. మూలపత్రమునందు 'బ్రేకు నొక్కిన తక్షణమే వాహనము ఆగును' అని నిస్సందేహముగా ఉన్నది. ఈ వస్తువు ఆగలేదు. కావున ఇది పత్రమునందలి వాహనం కాదు. ఎవరో ఆ నంబరు చెక్కించి మండలిని వంచించిన నకలు మాత్రమే. దానిని తక్షణమే ఆవరణ నుండి తొలగించవలెను.

"అయితే బండిని నన్ను తీసుకెళ్ళిపోమంటారాండి?" అంది రత్నమ్మ.

"అవశ్యం."

"మరి తుక్కు యార్డోళ్ళొస్తేనో?"

ప్రభాకరలింగం నియమావళి తెరిచాడు. తుక్కు ఉత్తర్వు ఫలానా ఏడాదికి ముందు తయారైన వాహనాలకి వర్తిస్తుంది. ఈ వస్తువు ఏ ఏడాదిలో తయారైందో చెప్పే పత్రం ఏదీ లేదు. ఉన్న పత్రం దీనిది కాదని ఇప్పుడే తేలింది. "దీనికి వయస్సు లేదు" అన్నాడాయన. "వయస్సు లేనిది పాతబడుట అసంభవం."

రత్నమ్మ అక్కణ్ణించే తన దగ్గర నేర్చుకున్నవాళ్ళకి కబురు పెట్టింది. ఆలస్యం చేస్తే మళ్ళీ ఏ ధర్మసూక్ష్మం గుర్తొస్తుందోనని భయం. దేవకుమారి తాడు తెచ్చింది, పురుళ్ళ డాక్టరమ్మ తన కారు వెనక కట్టుకుంది, నేర్చుకునే పిల్లలంతా వెనక నుంచి తోశారు. జగన్నాథపురం కమ్మరి ముందు భాగం సాగగొట్టి నిలబెట్టాడు. చీర చెంగున చుట్టి తెచ్చుకున్న పెడలు మళ్ళీ దాని చోట్లో బిగించాడు. తొక్కి చూసుకున్నాక గాని రత్నమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

కొన్నాళ్ళకి ప్రభాకరలింగం ఒక కాగితం పట్టుకుని స్కూలుకి వచ్చాడు. వారసత్వ వాహనాల దగ్గరకి వెళ్ళే సిబ్బందికి డ్రైవింగు వచ్చినట్టు ధ్రువపత్రం ఉండాలని మండలి కొత్త నియమం పెట్టిందట.

"మేటరు టైపు చేయించి తెచ్చానమ్మా. మీరు సంతకం చేస్తే చాలు. నేర్చుకొనుట తరువాత చూతము."

రత్నమ్మ కాగితం మడిచి డాష్‌బోర్డు అరలో పెట్టింది. "ఎక్కండి" అంది. మండలి కార్యదర్శిని బోట్ క్లబ్ రోడ్డు మీద, మళ్ళీ నీలం రంగు వేసిన కారులో, స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. బండి కదిలింది. ఆయన నుదుటి నిండా చెమట.

"అమ్మా, ఎదుర ఏదైనా అడ్డమొస్తే?"

"ధ్రువపత్రం తెచ్చుకున్నారుగా. తీసి చూపించండి."

మలుపు తిరిగేసరికి గేదె ఒకటి తీరుబడిగా రోడ్డు దాటుతోంది. ప్రభాకరలింగం కెవ్వుమని స్టీరింగు వదిలేసి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. రత్నమ్మ కాలు రెండో పెడలు నొక్కింది.

"ఆగిందా అమ్మా?" అన్నాడు, ఇంకా కళ్ళు మూసుకునే.

"ఆయ్, ఆగిందండి. కాగితంలో లేని బ్రేకు కదా" అంది రత్నమ్మ. "కళ్ళు తెరవండి. గేదె వెళ్ళిపోయింది."